పదో తరగతి తర్వాతి వేసవి: ఒంగోలు, నెల్లూరు పిల్లల మీద నవల రాయాలంటే

తెలుగులో చిన్నపిల్లల కథలకు కొదవ లేదు, పెద్దల నవలలకూ లేదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల గురించి, వాళ్లు చదువుకోవడానికే రాసిన నవలలు మాత్రం వెతుక్కోవాలి. అమెరికా గ్రంథాలయ సంఘం ఈ వయసు పాఠకుల కోసం 1957లోనే ఒక విభాగం పెట్టుకుంది. ఆ దేశంలోనే ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో చదువుతూ ఒక నవల రాసింది. అది 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. మన పిల్లలు చదవరని పెద్దవాళ్లు అంటుంటారు గానీ, చదువుతారు. ఇంగ్లీషులో చదువుతారు, ఫోన్లో చదువుతారు. తమ ఊరు, తమ ఇల్లు ఉన్న పుస్తకమే చేతికి దొరకదు.

ఈ వ్యాసం ఒకే రకం నవల గురించి. ఒక వేసవిలో మొదలై ఆ వేసవిలోనే ముగుస్తుంది, ఈలోపల ఒక పిల్లో పిల్లాడో పెద్దయిపోతారు. నేను ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే. ఇలాంటి నవలకు ప్లాటు ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదని నా నమ్మకం. ఇక్కడి వేసవి పనుల క్యాలెండరులోనే అది ఉంది.

1. ఏ వేసవి అన్నది ముందు తేల్చుకోండి

ఏడో తరగతి వేసవికీ ఇంటర్ సెకండియర్ వేసవికీ పోలికే లేదు. నన్నడిగితే తొలి నవలకు పదో తరగతి అయిపోయాక వచ్చే వేసవే తీసుకోమంటాను. మన ఇళ్లల్లో పిల్లల జీవితం నిజంగా మలుపు తిరిగేది అక్కడే. పబ్లిక్ పరీక్షలు మార్చి చివరికి అయిపోతాయి. ఫలితాలు ఈమధ్య ఏప్రిల్ నాలుగో వారంలోనే వస్తున్నాయి. మిగతా తరగతుల వాళ్లకు సెలవులు ఏప్రిల్ 24 చుట్టుపక్కల మొదలై జూన్ 11 దాకా ఉంటాయి.

ఈ మధ్యలో ఏమేం జరుగుతాయో చూడండి. ఫలితాలకు ముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. ఎంపీసీనా బైపీసీనా అని చుట్టాలందరూ అడుగుతారు. పాలిసెట్ ఉంటుంది. మార్కులు బాగా వస్తే ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటొస్తుందేమోనని ఎదురుచూపు ఉంటుంది, అక్కడ ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీదే కదా. హాస్టల్‌కి పంపాలా వద్దా, ఫీజు ఎక్కడి నుంచి తేవాలి, ఆడపిల్ల కాబట్టి దగ్గర్లోనే చదివించాలా అని ఇంట్లో రోజూ ఏదో ఒక మాట నడుస్తుంది. ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగరు. నవలకు ఇంతకంటే టెన్షన్ అక్కర్లేదు.

సంవత్సరం కూడా ఇప్పుడే నిర్ణయించండి. 2010 అయితే అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్ ఉండదు, మే నెలలో లైలా తుఫాను వస్తుంది. 2020 అయితే లాక్‌డౌన్, ఆ ఏడాది పదో తరగతి పరీక్షలే జరగలేదు. "ఈమధ్యే ఒక వేసవి" అని వదిలేస్తే ప్రతి అధ్యాయంలోనూ ఏదో ఒకటి తప్పుతుంది.

2. ఊరంటే అక్కడి పని

ఈ మెట్టు మీదే ఎక్కువ సమయం పెట్టండి. కొత్తగా రాసేవాళ్లు ఊరిని వర్ణిస్తారు: చెరువు, రావిచెట్టు, గుడి గంట. ఆ వర్ణన పేరు మార్చి కోనసీమలో పెట్టినా సరిపోతుంది. పని అలా కాదు. ఏ ఊరి పని ఆ ఊరిదే, ఏ పనికి ఆ పని తేదీలే.

తీరం తీసుకుంటే కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, ఇంకా కిందికి మైపాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం ఇది. ఈ తేదీలను స్కూలు సెలవుల పక్కన పెట్టి చూడండి, దాదాపు ఒకటే. పిల్లలకు సెలవులు వచ్చే రోజుల్లోనే తండ్రులు కూడా ఒడ్డునే ఉంటారు. ఏడాదంతా తెల్లవారుజామునే వెళ్లిపోయే మనిషి ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని వల బాగు చేసుకుంటుంటాడు. చేతిలో డబ్బు ఉండదు, వేట లేని రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి ఎప్పుడు పడుతుందో తెలియదు. పదిహేనేళ్ల కొడుకు మొదటిసారి తండ్రిని దగ్గరగా చూస్తాడు. ఏమి చూస్తాడన్నది మీ నవల.

మెట్ట వైపు వస్తే పొగాకు. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, నెల్లూరు వైపు కలిగిరి, ఇవన్నీ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్న ఊళ్లు. బ్యారన్లలో, అంటే పచ్చాకుని వేడికి ఆరబెట్టే కొట్లలో, ఆకు కాల్చడం వేసవి ముదిరేలోగా అయిపోతుంది. తర్వాత ఆకును గ్రేడు చేయడం, బేళ్లు కట్టడం, వేలానికి తీసుకెళ్లడం. వేలం వేసవంతా సాగుతుంది. వేలం కేంద్రంలో వరసలుగా పేర్చిన బేళ్ల మధ్య కంపెనీల కొనుగోలుదారులు నడుస్తూ పోతారు. ఒక బేలు ముందు ఎవరూ ధర చెప్పకపోతే అది నోబిడ్. బేలు మళ్లీ బండెక్కి ఇంటికొస్తుంది. రైతు ఇంట్లో పిల్లకు కాలేజీ ఫీజు కట్టాల్సిన వారంలోనే ఇది జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

నెల్లూరు డెల్టాలో వేసవి అంటే ఖాళీ పొలాలు అనుకోకండి. సోమశిల జలాశయంలో నీళ్లుంటే ఎడగారు వరి, అంటే రెండో పంట, వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కాలవకు నీళ్లు వదులుతారా లేదా అన్నదే ఊరంతటి మాట. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు. అక్కడ రాత్రిపూట నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, సరుకంతా పోతుంది. గుంట దగ్గర కాపలా పడుకునే కుర్రాడికి కరెంటు పోయిన ప్రతి రాత్రీ ఒక అధ్యాయమే.

మిగిలినవి క్లుప్తంగా: ఉలవపాడులో మామిడి, హైవే పక్కన పందిళ్లలో అమ్మకం. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలు. మార్కాపురంలో పలకల పని. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, ట్యాంకర్ కోసం వరసలో బిందెలు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్లు. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన బిట్రగుంట రైల్వే కాలనీ. ఒక్కటి ఎంచుకోండి. రెండు కలపాలంటే రెండో ఊరు అమ్మమ్మగారిదై ఉండాలి, వేసవిలో అక్కడికి వెళ్లడం ఎలాగూ సహజమే.

పండగలు కూడా రాసిపెట్టుకోండి. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు, పెంచలకోన నరసింహస్వామి ఉత్సవాలు ఎక్కువగా మే నెలలోనే వస్తాయి. ఊళ్లోని వాళ్లందరినీ ఒకేచోట కలపడానికి రచయితకు ఇంత తేలికైన దారి ఇంకోటి లేదు. నెల్లూరు రొట్టెల పండగ మాత్రం మొహర్రంతో పాటు ఏటా కొన్ని రోజులు ముందే వస్తుంది. మీ నవల జరిగే ఏడాదిలో అది ఏ నెలలో పడిందో చూసుకోకుండా రాయకండి.

3. గోడ మీద క్యాలెండరు కట్టండి

ఒక పెద్ద చార్టు తీసుకుని ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 దాకా గడులు గీయండి. మొదటి వరసలో చదువు తేదీలు, రెండో వరసలో ఊరి పని తేదీలు, మూడో వరసలో వాతావరణం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో మొదలవుతాయి. ఇప్పుడు నాలుగో వరస ఖాళీగా ఉంచి, పై మూడింటిలో ఏవైనా రెండు ఒకే వారంలో ఢీకొన్న చోటల్లా ఒక గుర్తు పెట్టండి. ఫలితాలు వచ్చిన వారంలో నోబిడ్. కాలేజీ బ్రిడ్జి కోర్సు మొదలయ్యే వారంలో జొన్నవాడ తేరు. వేట నిషేధం ముగిసే రాత్రి హాస్టల్‌కి బయల్దేరాల్సి రావడం.

ఆ గుర్తులే మీ నవల ముఖ్య ఘట్టాలు. ఐదో ఆరో వస్తే చాలు. పది వస్తే సగం కొట్టేయండి.

4. పిల్లకి ఒక కోరిక ఇవ్వండి, అది చిన్నదై ఉండాలి

"తనెవరో తెలుసుకోవాలనుకుంది" లాంటివి కోరికలు కావు. ఉదాహరణకి మన అమ్మాయి టంగుటూరు దగ్గర పల్లెలో పొగాకు రైతు కూతురు. పేరు తర్వాత పెడదాం. ఆమెకు జూన్ లోపల స్కూటీ నడపడం నేర్చుకోవాలని ఉంది. అంతే. ఎందుకు? పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న జూనియర్ కాలేజీకి రోజూ వెళ్లొస్తే హాస్టల్‌కి పోనక్కర్లేదు. హాస్టల్‌కి పోకపోతే నాయనమ్మని వదిలి వెళ్లనక్కర్లేదు. ఆ నాయనమ్మకి ఈమధ్య మతిమరుపు మొదలైంది, ఆ సంగతి ఇంట్లో ఈ పిల్ల ఒక్కదానికే తెలుసు. తండ్రేమో ఈ పంట డబ్బుతో విజయవాడ హాస్టల్లో సీటు కొనాలని చూస్తున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. బేళ్ల మధ్య తను పడ్డ పాట్లు కూతురు పడకూడదనుకుంటున్నాడు.

ఇప్పుడు స్కూటీ కథంతా లాక్కుపోతుంది. పదహారేళ్లకు వచ్చే లైసెన్స్ గేరు లేని 50 సీసీ లోపు బండ్లకే. మన అమ్మాయికి పదిహేను, బండేమో 110 సీసీ. కాబట్టి నేర్చుకోవడమే దొంగతనంగా. ఎవరు నేర్పుతారు, ఎక్కడ, ఎన్ని గంటలకు, పడితే మోకాలి దెబ్బ ఎలా దాస్తుంది? కోరిక చిన్నదైతే పనులు పుడతాయి, పనులుంటేనే సన్నివేశాలు వస్తాయి. ఆమె చేసేది చట్టప్రకారం తప్పని కథలో ఎవరో ఒకరు అనాలి, దానికి ఫలితమూ ఉండాలి. టీనేజీ పాఠకుల ముందు ఉపన్యాసం ఇవ్వకండి, అలాగని కళ్లు మూసుకోనూ వద్దు.

5. వెళ్లి చూడండి, అడగండి

వేలం కేంద్రానికి ఉదయమే వెళ్లండి, అనుమతి అడిగి ఒక పక్కన నిలబడండి. గ్రేడింగ్ షెడ్డులో పని చేసే ఆడవాళ్లతో మాట్లాడండి. ఆకు ఘాటుకి గొంతు ఎలా ఉంటుందో, చేతులకు అంటిన జిగురు ఎలా వదిలించుకుంటారో వాళ్లు చెప్పాలి, మీరు ఊహించకూడదు. తీరంలో వేట లేని రోజుల్లో మనుషులకు తీరిక ఉంటుంది. మీ కోసం కాసేపు కూర్చుంటారు.

పిల్లలతో మాట్లాడటమే కష్టం. "మీ కలలేంటి?" అంటే స్కూల్లో చెప్పిన జవాబు చెప్తారు. నిన్న ఎన్నింటికి లేచావు, ఫోన్ ఎవరిది, రీఛార్జ్ ఎవరు చేయిస్తారు, ఇంట్లో ఎవరికి తెలియకుండా ఏం తింటావు అని అడగండి. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ వడ్డనకు వెళ్లి సంపాదించుకునే కుర్రాళ్లున్నారు, మామిడిపళ్ల పందిరి దగ్గర అమ్మేవాళ్లున్నారు. పంపుసెట్టు తొట్టిలో ఈతలు, తాటిముంజలు నిజమే, ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే ముంజలు తినే పిల్లాడి జేబులో ఫోన్ ఉంది, అది తీసి రీల్ చేస్తాడు. మీ చిన్నతనాన్ని వాళ్ల మీద రుద్దితే మొదటి పేజీలోనే పట్టేసుకుంటారు.

ఒకరి జీవితంలో జరిగింది వాడుకునేటప్పుడు ఊరు, కులం, పని, కుటుంబం అన్నీ కలిపితే ఎవరో తెలిసిపోయేలా ఉంచకండి. పల్లెల్లో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు.

6. ఎవరి నోట ఏ మాట

ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఏర్పడింది. ఒంగోలు జిల్లాగా పుట్టి 1972లో ప్రకాశం అయింది. 2022లో గీతలు మళ్లీ మారాయి. గీతలు మారినా నోటి మాట మారదు. "పోతన్నా" అనే ఒంగోలు వైపు మనిషీ, "పోతుండా" అనే నెల్లూరు మనిషీ, "పోతాండా" అనే గిద్దలూరు వైపు మనిషీ ఒకే నవలలో ఉండొచ్చు. వాళ్లు ఒకరినొకరు వెక్కిరించుకుంటారు కూడా. హాస్టల్ గదిలో ఈ ముగ్గురినీ పడేస్తే హాస్యం దానంతటదే వస్తుంది.

కథనం మామూలు తెలుగులో ఉంచి, సంభాషణల్లో యాస పెట్టండి. కథనం కూడా యాసలోనే రాయాలంటే కథ చెప్పేది ఆ పిల్లే అయి ఉండాలి. ప్రతి మాటనీ వంకర చేయనక్కర్లేదు, క్రియాపదాలు సరిగ్గా పడితే చెవికి ఊరు తెలిసిపోతుంది. ఒకటి రాసి చూద్దాం:

"ఫీజు కట్టొచ్చా," అన్నాడు నాన్న, తువ్వాలు దులుపుతూ.

"నన్నడక్కుండా ఎట్టా కట్టావు?"

"నిన్నడిగేదేందమ్మా. ఆరో తారీకు కల్లా రమ్మన్నారు. పెట్టె సర్దుకో."

"నాయనమ్మని ఎవురు చూస్తారు?"

"నాయనమ్మకేమైంది?"

ఆ ప్రశ్నకు పిల్ల జవాబు చెప్పకుండా లోపలికి పోవాలి. "ఈ నిర్ణయం నాకు నచ్చలేదు, నా జీవితం నా ఇష్టం" అని ఒక పేరా మాట్లాడించారా, అది టీవీ సీరియల్ అవుతుంది. మన ఇళ్లల్లో పదిహేనేళ్ల పిల్లలు తండ్రితో అలా మాట్లాడరు. అన్నం మానేస్తారు, తలుపు గట్టిగా వేస్తారు, తమ్ముడి మీద అరుస్తారు.

7. రాసే రోజులు

ఈ వయసు నవలకు 40 నుంచి 50 వేల మాటలు చాలు. రోజుకు 500 మాటలు పెట్టుకుంటే ఒక చలికాలంలో మొదటి ప్రతి అయిపోతుంది. వేసవి గురించి వేసవిలో రాయమని నేను చెప్పను. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం పూట ఆలోచనే సాగదు. వేసవిలో తిరగండి, నోట్సు రాసుకోండి, వానలు మొదలయ్యాక కూర్చోండి.

ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు తెల్లవారుజామే దిక్కు. ఇంట్లోవాళ్లు మన రాతని పనిగా ఒప్పుకోవడానికి టైం పడుతుంది. అంతవరకు వాదించకుండా, రోజూ అదే వేళకు అదే చోట కూర్చోండి, అలవాటు పడతారు. ఫోన్లో వాయిస్ టైపింగ్ సంభాషణలకు బాగా పనికొస్తుంది. యాసని మాత్రం అది సొంతంగా దిద్దేస్తుంది, మళ్లీ మీరు చేత్తో వంచుకోవాలి. నవల మధ్యలో, సరిగ్గా మే మొదటి వారం అధ్యాయాల దగ్గర, కథ ఆగిపోతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. అప్పుడు గోడ మీది చార్టు దగ్గరికి వెళ్లండి. తర్వాత వచ్చే ఢీ ఏదో చూసి నేరుగా ఆ సన్నివేశం రాసేయండి, మధ్యలో ఖాళీ తర్వాత పూడ్చుకోవచ్చు.

ప్రేమ గురించి ఒక మాట. ఈ వయసులో ఇష్టాలు ఉంటాయి, రాయండి. ఒక చూపు, స్టేటస్ చూశాడా లేదా అన్న ఆరాటం, బస్టాండులో పది నిమిషాలు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు చట్టం దృష్టిలో పిల్లలే అన్నది రచయిత మరిచిపోకూడదు. కులం దగ్గర మౌనంగా తప్పించుకోవద్దు. స్కూటీ నేర్పిన కుర్రాడు ఏ వీధి నుంచి వచ్చాడన్నది ఊరు అడిగే మొదటి ప్రశ్న అయినప్పుడు, నవల దాన్ని అడక్కపోతే అబద్ధం చెప్పినట్టే.

8. వానతో ముగించకండి

వేసవి నవల అనగానే చివరి పేజీలో తొలకరి పడుతుంది, పిల్ల చేతులు చాచి తడుస్తుంది. ఇక్కడ అది కుదరదు. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. జూన్ రెండో వారంలో ఎండ అలాగే ఉంటుంది, పడమటి గాలి కొడుతూనే ఉంటుంది, పిల్లలు చెమటలు కక్కుతూ కొత్త కాలేజీకి పోతారు. వేసవి ముగియకుండానే సెలవులు ముగుస్తాయి. మీ ముగింపుకి అదే నిజమైన స్థితి. మే నెల తుఫాను కావాలనుకుంటే అలాంటివి ఈ తీరం చూసింది, కానీ దాన్ని ఏప్రిల్ అధ్యాయాల నుంచే సిద్ధం చేసుకోవాలి. చిక్కుముడి విప్పడానికి ఆఖర్లో తెచ్చి పడేయకూడదు.

సమస్యని ఏ మేనమామో, టీచరో వచ్చి తీర్చకూడదు. మన అమ్మాయి కథలో నాయనమ్మ సంగతి తండ్రికి చెప్పాల్సింది ఆ పిల్లే. చెప్పాక హాస్టల్‌కి పోవాల్సి వచ్చినా సరే.

9. ఆ వయసు వాళ్లతోనే చదివించండి

మొదటి ప్రతి సాహిత్య మిత్రులకు ఇచ్చే ముందు నలుగురు టీనేజీ పిల్లలకు ఇవ్వండి. ఎలా ఉందని అడగొద్దు, "బాగుందక్కా" అంటారు. ఎక్కడ ఆపి ఫోన్ తీశావు అని అడగండి. ఇద్దరు ఒకే చోట ఆపితే ఆ పేజీ తీసేయండి. గట్టిగా చదివించుకుంటే ఇంకా మంచిది. తెలుగు మీడియం కానివాళ్లు తడబడే వాక్యాలు అప్పుడు బయటపడతాయి, వాటిని విడగొట్టండి.

10. అచ్చు

ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. రాసినప్పటి నుంచే కాపీరైటు మీది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. డీటీపీ యూనికోడ్‌లో చేయించుకుంటే ఈ-బుక్‌కి మళ్లీ కష్టపడక్కర్లేదు. పాత అను ఫాంట్లలో చేయిస్తే తర్వాత మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. మొదటిసారి 500 కాపీలకు మించి వేయకండి. సాహిత్య అకాడమీ ఏటా తెలుగులో బాల సాహిత్య పురస్కారం, 35 ఏళ్ల లోపు వాళ్లకు యువ పురస్కారం ఇస్తుంది. నియమాలు చూసి ప్రతులు పంపండి, కానీ దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి.

పుస్తకం చేతికి రావాల్సింది ఏప్రిల్ మొదటి వారానికి. పదో తరగతి వాళ్లకు పరీక్షలు అప్పుడే అయిపోయి ఉంటాయి, ఫలితాలు ఇంకా రావు, ఏడాదిలో వాళ్లు తీరిగ్గా ఉండే వారాలు అవే. వెనక్కి లెక్కేసుకుంటే డీటీపీ జనవరిలో, ప్రూఫులు ఫిబ్రవరిలో అవ్వాలి, మార్చి మొదట్లో ప్రెస్‌కి పోవాలి. జనవరి విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం అందదు, దానికి బాధపడకండి. మీ పాఠకులు ఆ నెలలో ప్రీ-ఫైనల్స్‌కి చదువుకుంటుంటారు.